ప్రశ్న ఎవరిది?

సఫూరా ఆపా చెప్పు చేతబట్టుకుని మా జహంగీర్ మామూను మా కొత్తవాడ వీధులన్నీ తరిమిందని చెప్పుకుంటారు. ఆ కబురు ఊరి చివరి ఎనుమాముల చేరేసరికి చెప్పులు రెండయ్యాయి, దెబ్బలు పదకొండయ్యాయి. వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు మా ఇంట్లో ఉన్నది నేను. ఏం జరిగిందని నన్ను ఒక్కరూ అడగలేదు.

ఆపాకు ఉన్నది ఒకే ఒక్క చాదస్తం. ఎవరి ప్రశ్న వాళ్లే అడగాలి. ఆమె హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు మతగ్రంథాలు చదివి ఆలిమా అయింది. ఇప్పుడు మా వీధిలో, తన ముందుగదిలో ఆడవాళ్లకు పాఠం చెబుతుంది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి కూడా సందేహాలతో రైలెక్కి వస్తారు. భార్యల సందేహాలు మొగుళ్లు తెస్తే మాత్రం గడప దగ్గరే ఆపేస్తుంది.

"మా ఇంట్ల ఆమె అడిగిరమ్మన్నది ఆపా."

"ప్రశ్న ఎవరిది?"

"ఆమెదే."

"మరి నువ్వెందుకు మోసుకొచ్చినవ్? బరువైతలేదా?"

మందుల దుకాణంలోనూ ఇదే వరస. ఒకాయన తన భార్య దగ్గు గురించి దుకాణదారు సారంగపాణికి వర్ణించి చెబుతుంటే ఆపా మధ్యలో దూరింది. "దగ్గు ఎవరిది?" ఆ భార్య పక్కనే నిలబడి దగ్గుతోంది.

సారంగపాణి దండం పెట్టాడు. "మీరొస్తే నా గిరాకీ గంట లేటైతాంది మేడమ్."

కూరగాయలమ్మే మొగిలమ్మకు ఈ జబ్బు ఎప్పుడో అంటుకుంది. దవాఖానలో డాక్టరు ఆమె నొప్పి సంగతి కొడుకును అడిగితే, "మోకాలు నాది సారూ, జర ఇటు చూడుండ్రి" అందట.

ఇక మామూ, అంటే మా మేనమామ. నాన్న పోయాక మా ఇంట్లో ఆయన మాటే మాట. ఇంటర్ మొదటి ఏడాదిలోనే నా చదువు మాన్పించాడు. రెండేళ్లయ్యాక నేను మళ్లీ పుస్తకాలు తిరగేస్తుంటే చూశాడు. ఆలిమా చేతే వద్దనిపిస్తే పీడా పోతుందని ఆపా ఇంటికి వెళ్లాడు. పాఠానికి వెళ్లిన అమ్మ అక్కడే ఉంది.

"మా మేనకోడలికి ఇంకా చదువు అవసరమా ఆపా?"

"ప్రశ్న ఎవరిది?"

మామూ తెలివి చూపించాడు. "నాదే అనుకోండ్రి."

"నీదైతే నీ సంగతే మాట్లాడుదాం. ఇయ్యాల ఫజర్ నమాజ్ ఏ మసీదుల చదివినవ్?"

ఫజర్ అంటే తెల్లవారుజాము. మామూ నిద్ర లేచేది తొమ్మిదికి. అర్జెంటు పనుందని లేచాడు. నడిచాడని అమ్మ అనదు, ఉరికాడనే అంటుంది.

గంట తర్వాత ఆపా మా ఇంటికొచ్చింది. చేతిలో చెప్పు ఉన్న మాట నిజం. దాన్ని గడప పక్కన పెట్టి, నా ఎదురుగా కూర్చుంది.

"అడుగు బిడ్డా."

నేను పుస్తకానికి అట్ట సర్దసాగాను. పక్కనే ఉన్న మామూ అందుకున్నాడు. "అది సిగ్గుపడతది ఆపా. దాని తరఫున నేను..."

"నువ్వు పోయి చాయ్ పెట్టు."

ఆపా మామూ చేతి చాయ్ మూడు కప్పులు తాగింది. ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. నాకు మాత్రం లోపల కోపం పొంగుతోంది. సగం మామూ మీద, సగం నా మీద. నా చదువు గురించి అందరూ మాట్లాడారు, నేను తప్ప. మూడో కప్పు ఖాళీ అవుతుండగా అడిగేశాను.

"నేను మళ్లా చదువుకోవచ్చా?"

"ఆడైనా మగైనా చదువు అందరి మీద ఫర్జే, తప్పని విధి." ఆ మాట నాతోనే అంది, చూపు మాత్రం మామూ మీద పెట్టింది. "ఓపెన్ ఇంటర్ ఫారం తెచ్చుకో. నీ చేత్తోనే నింపు."

మామూ కప్పులు ఎత్తుకుని లోపలికి పోయాడు.

నిన్న ఫారం ఇచ్చి వచ్చాను. ఇప్పుడు ఎవరూ అడగని ఆ చెప్పు సంగతి. అది మామూదే, ఉరికేటప్పుడు పట్టీ తెగి ఆపా గడప ముందు పడిపోయింది. ఆపా దారిలో ఆగి, పట్టీ కుట్టించి మరీ తెచ్చింది.