తండ్రెవరో తెలియని ఈగలు

ఇంట్లో ఆమెను అందరూ ‘నిదానం’ అని పిలిచేవారు. అన్నం తిన్నా నిదానమే, జడ వేసుకున్నా నిదానమే. అలాంటి పిల్ల జన్యుశాస్త్రంలో పరిశోధన చేసే ఎమ్మెస్సీలో చేరి, గాజు సీసాల్లో పండు ఈగల్ని పెంచుతోందని తెలిసి అమ్మమ్మ బుగ్గలు నొక్కుకుంది.

“ఈగల్ని తోలేవాళ్ళని చూశాను గానీ పెంచేవాళ్ళని చూళ్ళేదే తల్లీ! నీకు సంబంధం చూస్తామంటే వద్దంటావు, వాటికి మాత్రం దగ్గరుండి జతలు కుదురుస్తావు!”

“అవి నన్ను ఎదురు ప్రశ్నలు వెయ్యవు అమ్మమ్మా.”

ఆ చదువుకు పాఠాలూ పరీక్షలూ పాసైతే సరిపోదు. అవి మొదటి ఏడాదే గట్టెక్కాయి. ఆపైన సొంతంగా ఒక పరిశోధన చేయాలి, అందరి ముందూ సెమినార్ ఇవ్వాలి, థీసిస్ రాయాలి, చివరికి పరీక్షకుల ఎదుట కూర్చుని రాసిన ప్రతి మాటకూ జవాబు చెప్పుకోవాలి. నిదానం పట్టుకున్న ప్రశ్న ఇది: ఒక జన్యువు పాడైతే ఈగ రెక్క వంకరపోతుందా? పోతుందనే ఆమె నమ్మకం.

ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. పురుగు ఈగగా మారే గుల్లలోంచి బయటపడ్డ ఆడ ఈగను కొద్ది గంటల్లోనే మగవాటి నుంచి వేరు చేయాలి. ఆలస్యమైతే అది అక్కడే జతకట్టేస్తుంది. ఆ తర్వాత మనం ఏ మగ ఈగను తెచ్చిపెట్టినా పుట్టే పిల్లలు ఎవరివో తేలదు. అందుకే ఆమె రోజూ పొద్దున్నే ల్యాబ్‌కి పరిగెత్తేది. ఒక్కసారి జ్వరం వచ్చి ఆలస్యంగా వెళ్ళింది. సీసాలో ఆడా మగా కలిసి తిరుగుతున్నాయి. ‘ఇంకా ఏమీ అయ్యుండదులే’ అని తనకు తానే సర్దిచెప్పుకుని వాటినే వాడేసింది.

తీరా చూస్తే ఆ సీసాల్లోని పిల్లలకే రెక్కలు చక్కగా వంకర తిరిగాయి! మిగతా అన్నిటిలోనూ తిన్నని రెక్కలే.

ఉంచేసుకుంటే అడిగేవాళ్ళు లేరు. కానీ మనసు ఊరుకోలేదు. ఆ బ్యాచ్ మొత్తాన్ని లెక్కలోంచి తీసేసి, తీసేశానని థీసిస్‌లో రాసింది. ఇక చేతిలో మిగిలిన జవాబు ‘కాదు’ ఒక్కటే. ‘కాదు’కి డిగ్రీ ఇస్తారా? గైడు మేడమ్‌ని అడిగితే, “రాసింది రాశావుగా, ఇక వాళ్ళు ఎలా చూస్తారో” అన్నారు. ఆ మాటతో ఉన్న ధైర్యం కాస్తా నీరుగారిపోయింది. అప్పటినుంచి ఆమెకు ముద్ద దిగలేదు.

మౌఖిక పరీక్ష రోజున బయటినుంచి వచ్చిన తెల్లజుట్టు పరీక్షకుడు థీసిస్ తిరగేసి ఒక పేజీ దగ్గర ఆగాడు.

“మీరు అనుకున్నదానికి సరిపోయే బ్యాచ్ ఇదొక్కటే కదమ్మా? దీన్నే ఎందుకు తీసేశారు?”

నిదానం ఆ పేజీ వైపు చూసింది. “ఆడవాటిని వేరు చెయ్యడంలో ఆలస్యం చేశానండి. ఆ పిల్లల తండ్రెవరో నేను చెప్పలేను.”

గది మొత్తం గొల్లున నవ్వింది. గైడు మేడమ్ కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. తెల్లజుట్టాయన మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “మరి చివరికి ఏం తేలినట్టు?” అన్నాడు.

“ఆ జన్యువుకీ రెక్క వంకరకీ సంబంధం ఉన్నట్టు నాకు కనబడలేదండి.”

ఆమెను కాసేపు వరండాలో కూర్చోమన్నారు. మళ్ళీ పిలిచేసరికి ఆయన థీసిస్ మూసి బల్లమీద పెట్టేశాడు. “ఒక బొమ్మ కింద రాసింది సవరించి మీ మేడమ్‌కి ఇవ్వండి. పని సరిగ్గా చేశారు, డిగ్రీకి మేం సిఫారసు చేస్తున్నాం.”

“అంటే... ప్రయోగాలు మళ్ళీ చెయ్యక్కర్లేదాండీ?”

“చెయ్యాలనుందా ఏంటి?”

“అయ్యో, లేదండీ!”

మెట్లమీద కూలబడి ఇంటికి ఫోన్ చేసింది.

“ఏమన్నారే?” అంది అమ్మ.

“అయిపోయిందమ్మా. పాస్.”

“హమ్మయ్య! నువ్వనుకున్నది తేలిందన్నమాట.”

“లేదమ్మా, తేలలేదు. తేలకపోయినా ఇస్తారు. చేసిన పని సరిగ్గా ఉంటే చాలట.”

అమ్మ గొంతు పెంచింది.

“ఆ ముక్క ముందే కనుక్కుని ఏడవచ్చు కదే! నువ్వు తినక, నిన్ను చూసి మేం తినక, ఇల్లంతా ఎండిపోయాం. రా, ముందు వచ్చి అన్నం తిను!”