పీట కింద రాయి

మనవరాలి సైకిలుకి పక్కచక్రాలు బిగిస్తూ నట్లకి ఆముదం రాశాను. ఆ వాసనకి దివిసీమలో మా కళ్ళం గుర్తొచ్చింది. నూర్పిళ్లయ్యాక పిల్లలం ఆ కళ్ళం చుట్టూ కొయ్యబండ్ల పందెం పెట్టుకునేవాళ్లం.

అన్నయ్య వదిలేసిన పాత బండిని తాతయ్య నాకోసం సరిచేశాడు. ఇరుసు పొడుగు చేసి, పీట దించి, ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన పూశాడు. చివరికి పీట కింద పెద్ద రాయి కట్టాడు.

“బరువైపోదూ తాతయ్యా?”

“పరుగంతా ఆ రాయిలోనే ఉందే, పిచ్చిదానా!”

నమ్మేశాను. వెనక నుంచి నెట్టే అన్నయ్యకి ఆయాసమొచ్చింది. మలుపులో రెండు బండ్లు బోల్తాపడ్డాయి. నాది ఒరగలేదు కానీ ఆఖరున వచ్చింది.

“ఇంకా పెద్ద రాయి కట్టు తాతయ్యా!” అని ఏడ్చాను.

“ఈ చిన్న చక్రాలెందుకు అమ్మమ్మా?” అంది మనవరాలు.

“రయ్యిమని వెళ్లడానికే” అన్నాను.