అంబులెన్సు లేదన్న కాగితం

పంతొమ్మిదివందల యాభైల చివర్లో బాగేపల్లి తాలూకా కచేరీలో నేను వైద్య ఖర్చుల బిల్లులు చూసే గుమాస్తాను. సర్కారు నౌకరీ వాళ్లు ఇంట్లో రోగిని చిక్కబళ్లాపురం పెద్దాసుపత్రికి తీసుకువెళితే బస్సు చార్జీ ఇచ్చేవాళ్లం. కారుకు మైలుకు ఇంతని వేరే రేటు ఉండేది. అది రావాలంటే, అంబులెన్సు దొరకలేదని ఊరి డాక్టరు బయలుదేరక ముందే రాసివ్వాలి. చుట్టుపక్కలకంతా అంబులెన్సు ఒక్కటే. అదీ సగం రోజులు షెడ్డులో తన వైద్యం తాను చేయించుకుంటూ ఉండేది. ఆ సంగతి అందరికీ తెలుసు. కాగితానికి తెలియాలి కదా.

ఒక బడిపంతులు తల్లిని తీసుకువెళ్లి, కాగితం మరునాడు తెచ్చాడు. ఎర్రసిరాతో మూడు వాక్యాలు రాసి ఆయన బిల్లు తిప్పి పంపాను. ఆ వాక్యాలు బాగా కుదిరాయని అప్పట్లో నా అభిప్రాయం.

ఆ ఏడే నా భార్యకు కడుపునొప్పి వచ్చింది. పొద్దున మొదలై, పన్నెండుకల్లా మనిషి వంగిపోయింది. బాడుగ కారు వాకిట్లోకి వచ్చింది. డాక్టరు మాత్రం గుడిబండె వైపు పల్లెల్లో టీకాలు వేయడానికి వెళ్లాడు. రెండు గంటలకు వస్తాడన్నారు.

"ఎక్కించండప్పా, ఏమి జూస్తాండారు?" అన్నాడు డ్రైవరు.

"డాక్టరు రానీ. కాగితం లేకుంటే కారు రేటు రాదు."

"రేపు రాయించుకుంటే పోలా?"

"రేపటిది చెల్లదు."

ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "నా కడుపును గూడా రెండుదాకా ఆగమని ఒక ఆర్డరు రాయండి. సంతకం నేను పెడతాను" అంది. నవ్వాను. హాస్యంలో ఆమె ఎప్పుడూ నాకంటే ఒక మెట్టు పైనే.

డబ్బు లేక ఆగలేదు. బీరువాలో ఉంది. తప్పుడు బిల్లు పెట్టడం నాకు చేతకాదు, అంతే.

డాక్టరు మూడింటికి వచ్చాడు. ఆమెను చూసి, నన్ను చూసి, కాగితం రాసిచ్చాడు.

పేరేసంద్ర దాటాక డ్రైవరు వెనక్కి తిరిగి, "అమ్మ పలకడం లేదప్పా" అన్నాడు. "నిద్రపోతాండాది, పోనీ" అన్నాను. చిక్కబళ్లాపురంలో ఆమెను దించుకున్న నర్సు ఆ మాట ఒప్పుకోలేదు.

నెల తర్వాత బిల్లు పెట్టాను, పోయిన దారికి మాత్రమే. తిరుగు ప్రయాణంలో రోగికి రేటు ఉంది. మేము వెనక్కి తెచ్చుకున్నదానికి ఏ రేట్ల పట్టీలోనూ లేదు. ఒక్క ఆక్షేపణ లేకుండా మొత్తం మంజూరైంది.

మా శిరస్తేదారు ఆ కాగితాలు తిరగేసి, "ఇంత ఒద్దికగా ఎవరూ పెట్టలేదప్పా. ఒక నకలు రాసిపెట్టు, కొత్తోళ్లకు చూపిస్తాము. రోగి పేరు వదిలెయ్, దాంతో పనేముండాది?" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

నకలు రాశాను. పేరు కూడా రాశాను.