ఎడమ పక్క ముందు చక్రం

ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఒక బరువుంది. చూడ్డానికి అది బొటనవేలంత ఇనుప ముక్క. బీరువాలో పంచెల కింద దాచాను. ఇంట్లో ఎవరైనా ఆ అర సర్దుతుంటే లేచి వెళ్లి అది నేనే సర్దుతానంటాను. అదేమీ దొంగసొత్తు కాదు. ఒక స్నేహితుడు తన చేత్తో నా చేతిలో పెట్టిందే. అందుకే అంత బరువు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేర్లు కూడా మార్చి రాస్తున్నాను. నేనాడిన అబద్ధాన్ని మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను.

కర్నూలులో సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులు. మా నాన్నది ఇనుప సామాన్ల అంగడి. అక్కడ మేకులు తూచుతూ కూర్చోవడం నాకు నామోషీ. కార్ల చక్రాలకు పాలిషు పట్టి రంగులేసే షాపు పెట్టాను. పెట్టానంటున్నాను గానీ బోర్డు మీద పేరు నాది, లోపల పని మస్తాన్‌ది. చిన్నప్పుడు బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. నన్ను సెట్టీ అనే పిలిచేవాడు.

వాడికో అలవాటుండేది. బోల్టు పూర్తిగా బిగించాక, దాని తల మీద నుంచి రిమ్ము మీదికి సన్నగా ఒక ఎర్ర గీత గీసేవాడు, వాళ్లావిడ గోళ్ల రంగుతో. బోల్టు ఏ కాస్త కదిలినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. "ఈ గీత ఉండాదంటే నా చెయ్యి జామీను ఉన్నట్టే" అనేవాడు. డ్రైవర్లు బండి తీసుకెళ్లే ముందు వంగి ఆ గీతల కోసమే చూసేవాళ్లు. నా మొహం ఎవరూ చూసేవాళ్లు కాదు. చూడకపోవడం నాకు కొంచెం కష్టంగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

కోయిలకుంట్ల వైపు నుంచి ఒక రెడ్డిగారు బెంగుళూరులో కొన్న పాత విదేశీ కారు పంపించారు. దాని చక్రాలు మనం చూసే చక్రాల్లాంటివి కావు. ఒక్కో చక్రం మూడు ముక్కలు. చుట్టూ వరసగా చిన్న చిన్న బోల్టులు ఆ ముక్కల్ని కలిపి పట్టుకుని ఉంటాయి. పాలిషు పట్టాలంటే విప్పాలి. విప్పాలంటే ఆ బోల్టుల తలల మీద టోపీలా కూర్చుని తిప్పే సాకెట్ కావాలి. తలలు ఆరు పలకలవి కావు, చుట్టూ పన్నెండు మొనలు. మా దగ్గరున్న స్పానర్లు ఒక్కటీ పట్టలేదు. ఉలి పెట్టి సుత్తితో కొడదామన్నాను.

"తల పోతాది సెట్టీ. పోతే మల్లా యాడ తెస్తావు?" అని ఉలి నా చేతిలోంచి లాక్కున్నాడు.

ఒంటికి రుద్దుకునే సబ్బు ముక్క మీద బోల్టు తల అచ్చు తీసుకున్నాడు. ఆ సబ్బును గుడ్డలో చుట్టుకుని కర్నూలులో పాత ఇనుము అంగళ్లన్నీ తిరిగాడు. సబ్బు అమ్ముకోవడానికి వచ్చినావా అని అందరూ నవ్వారట. నేనూ నవ్వాను. ఆఖరికి కడపలో, ఒక పాతసామాన్ల వ్యాపారి దగ్గర, తుప్పు పట్టిన డబ్బా అడుగున దొరికింది. అక్కడి నుంచే ఫోన్ చేసి "దొరికిందప్పా, దొరికింది!" అని అరిచాడు. సరే, త్వరగా రా అన్నాను. అంతకంటే మంచి మాట ఒకటి అని ఉండవలసింది.

ఆ ఒక్క సాకెట్‌తో నాలుగు చక్రాలూ విప్పాడు. ఒక్క తల కూడా చెడలేదు. పాలిషు, రంగు అయ్యాక మూడు చక్రాలు బిగించి గీతలు గీశాడు. నాలుగోది బిగించాల్సి ఉండగా కడప దర్గాకు వాళ్లమ్మను తీసుకెళ్లే రోజు వచ్చింది. ఎప్పటి నుంచో ఉన్న మొక్కు. "రేపు మధ్యాన్నానికి వస్తా. దాన్ని ముట్టద్దు" అని చెప్పి వెళ్లాడు. సాకెట్ అలవాటుగా వాడి చొక్కా జేబులోనే వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం రెడ్డిగారు ఫోన్ చేశారు. మర్నాడు స్వాతి నక్షత్రమట, అహోబిలంలో స్వామి ముందు కారుకు పూజ చేయించాలట, పొద్దున్నే డ్రైవరును పంపిస్తారట. మస్తాన్ ఊళ్లో లేడన్నాను. ఆయన నవ్వారు. "ఏం సెట్టీ, షాపు నీదా, వానిదా?"

ఆ మాట గుచ్చుకుంది. ఎంత చిన్న మాట! ఒక్కపూట ఆగండి స్వామీ అంటే ఏం పోయేది? మహా అయితే నాలుగు తిట్లు తిట్టేవారు. నేను మాత్రం "పంపీండి, సిద్ధంగా ఉంటాది" అన్నాను.

నాలుగో చక్రాన్ని కటింగ్ ప్లేయరుతో బిగించాను. తలల మీద గీతలు పడకుండా గుడ్డ చుట్టాను. గుడ్డ జారేది. మళ్లీ పట్టేవాణ్ణి. చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పాను గానీ, అది బిగుతు కాదని నాకు తెలుసు. టైరు ఎక్కించి గాలి కొట్టి నీళ్లలో ముంచి చూశాను. బుడగలు రాలేదు. చాల్లే అనుకున్నాను. ఆ తర్వాత గోళ్ల రంగు సీసా మూత తీశాను. ఒక్కో బోల్టు మీదా ఎర్ర గీత గీశాను. వాడి గీతల కంటే నావే తిన్నగా వచ్చాయి. నాలుగు చక్రాలూ నేనే కారుకు ఎక్కించాను. నేను బిగించినదాన్ని ఎడమ పక్క ముందు ఎక్కించాను.

డ్రైవరు ఓబులేసు పొద్దున్నే వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, ప్రతి చక్రం దగ్గరా వంగి, గీతలు చూసుకుని తృప్తిగా తల ఊపాడు. ఆ తల ఊపడం నేను మరిచిపోలేదు.

మధ్యాహ్నం మస్తాన్ వచ్చి కారేదన్నాడు. నాన్న అంగట్లో ఒక పాత పెట్టె అడుగున సరిపోయే సాకెట్ దొరికితే నేనే బిగించానన్నాను. నమ్మాడు. సంతోషపడ్డాడు కూడా.

అదే రోజు అహోబిలం నుంచి తిరిగి వస్తుండగా చక్రం విడిపోయింది. కారు కల్వర్టును గుద్దుకుంది. రెడ్డిగారి కుటుంబం దెబ్బలతో బయటపడింది. ఓబులేసు కుడిచెయ్యి నలిగిపోయింది. ప్రాణం దక్కింది గానీ ఆ చెయ్యి మళ్లీ స్టీరింగు పట్టలేదు.

మర్నాడు ఇద్దరం ఆళ్లగడ్డ వెళ్లాం. కారును ఒక షెడ్డులోకి లాగి పెట్టారు. విడిపోయింది ఎడమ పక్క ముందు చక్రం. బోల్టులు చాలావరకు ఊడిపోయాయి. రిమ్ము మీద సగం సగం ఎర్ర గీతలు మిగిలాయి. మస్తాన్ దాని ముందు గొంతుక్కూర్చుని విరిగిన గీతల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూశాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"సెట్టీ, నువ్వు బిగించింది ఏ పక్క ఎక్కించినావు?"

నేను ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది.

"వెనక, కుడి పక్క."

వాడు లేచి వెనక్కి వెళ్లాడు. జేబులోంచి సాకెట్ తీసి, తాను బిగించిన ఆ చక్రం బోల్టులు ఒక్కొక్కటే పట్టి చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

"శానా గట్టిగా ఉండాది. నువ్వు బాగనే బిగించినావు సెట్టీ" అన్నాడు. "అయితే ఊడింది నాదే."

అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు. వాడి వీపు మీద చెయ్యి వేసి, పోనీలే మస్తానూ, మనుషులం కదా అన్నాను. ఆ ఓదార్పు తలుచుకుంటే అబద్ధం కంటే అదే నాకు ఎక్కువ అసహ్యం.

ఓబులేసు ఆస్పత్రి మంచం పక్కన నిలబడి, తప్పు నాదేనన్నా అని మస్తాన్ ఏడ్చాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఆ తర్వాత వాడు చక్రం ముట్టలేదు. పని మానేసి వెళ్లిపోయే రోజు సాకెట్ నా అరచేతిలో పెట్టి, "నీ దగ్గరుండనీ. గట్టి చెయ్యి నీది" అన్నాడు. తీసుకున్నాను. షాపు ఎక్కువ కాలం నిలవలేదు. నేను మళ్లీ మేకుల దగ్గరికే చేరాను.

మస్తాన్ ఇప్పుడు ఆత్మకూరులో టీ అంగడి నడుపుతున్నాడు. ఈమధ్య చెప్పేద్దామని గట్టిగా అనుకునే వెళ్లాను. నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో! టీ పెట్టబోతే గ్యాసు అయిపోయింది. కొత్త సిలిండరు తెచ్చి పెట్టాడు గానీ రెగ్యులేటరు తాను బిగించలేదు. లోపలున్న భార్యను కేకేశాడు. ఆమె వచ్చి బిగించి వెళ్లింది. నేను చూస్తున్నానని గమనించి నవ్వాడు. "నా చేతిని నేను నమ్మను సెట్టీ. ఒక మనిషి చెయ్యి తీసింది ఇదే కదా."

టీ తాగాను. ఇంకో గ్లాసు ఇస్తే అదీ తాగాను. ఎందుకు చెప్పలేదు? చెప్తే ఓబులేసు చెయ్యి తిరిగొస్తుందా అనుకున్నాను. పాత గాయం ఎందుకు కెలకడం అనుకున్నాను. అవన్నీ సాకులు. నిజం విన్నాక వాడు నా వైపు ఎలా చూస్తాడో, ఆ చూపుకే భయపడ్డాను. బస్సెక్కి వచ్చేశాను.

వాడికి చెప్పాల్సింది మీకు చెప్తున్నాను. ఇది సగం ధైర్యమే, తెలుసు. నన్ను క్షమించమని అడగను, అది మీ చేతుల్లో లేదు. కానీ ఆ వాక్యం ఇంతవరకు ఒక్కసారి కూడా నా నోటి నుంచి బయటికి రాలేదు. ఒక్కసారి రానివ్వండి.

నేను బిగించింది వెనక కుడి పక్కది కాదు మస్తానూ. ఎడమ పక్క ముందు చక్రం.