కొండ ఎప్పుడు చూశావని ఎవరూ అడగలేదు

ముప్పై ఒక్క ఏళ్ళుగా వకీలు గుమస్తాగా ఉన్నాను. మా నాన్న స్టీల్ ప్లాంటు కట్టే రోజుల్లో గోదావరి దాటి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇక్కడి కోర్టు వరండాలో ఉండిపోయాను. నా పేరు భీమశంకరరావు. సగం పేరు భీముడిది, సగం శివుడిది అయినా, ఫైళ్ళు మోసి మోసి మిగిలింది నడుం నొప్పి. జూనియర్లు వస్తుంటారు, పోతుంటారు. మొదటి రోజు నల్లకోటుతో ఫోటో దిగుతారు. ఏడాది తిరిగేసరికి సగం మంది గ్రూప్ పరీక్షల పుస్తకాలు కొంటారు. వాళ్ళ గురించి నేనెప్పుడూ బెంగపెట్టుకోలేదు. సూర్యకళ సంగతి వేరు.

భీమిలి ఒడ్డున జాలరిపేట వాళ్ళది. తండ్రి లేడు. తల్లి పోతమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చదివించింది. పేటలో లా చదివిన మొదటి మనిషి సూర్యకళే. మా సీనియర్ గారి దగ్గర చేరిన రోజున పోతమ్మ ఆఫీసుకొచ్చి, "బాబూ, మా గుంటని సూసుకోండి, దానికి నోరెక్కువ" అని నాకు అప్పజెప్పి వెళ్ళింది. నోరెక్కువన్న మాట నిజమే. బుర్ర కూడా ఎక్కువే. కోర్టుకిచ్చే ప్లీడింగు రాస్తే సీనియర్ గారు ఎర్ర పెన్ను పక్కన పెట్టేసేవారు. ఆయన అలా పెట్టడం అంతకుముందు నేను చూడలేదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన అడిగారు, జీపీఎస్ లేనివాళ్ళు సముద్రంలో చోటు ఎలా పోల్చుకుంటారని. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. టిఫిన్ డబ్బాను పావురాళ్ళకొండ చేసింది, మజ్జిగ గ్లాసును లైట్‌హౌస్ చేసింది. "పడవ మీంచి చూస్తే ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చే వరస ఒకటుంటుంది సార్. అటుపక్క గుడి, తాడిచెట్లు కలిసే వరస ఇంకొకటి. రెండు వరసలూ ఎక్కడ కలిస్తే అదే చోటు. మా సింహాద్రి తాత చిన్నప్పుడు ఇసకలో గీతలు గీసి నేర్పాడు. ఆడపిల్లని పడవెక్కించరు కదా, అందుకని ఇసకలోనే."

"వల లాగేటప్పుడు కూడా చూసుకుంటారా?" అన్నారు సీనియర్ గారు.

"లేదు సార్. సాయంత్రం వల వేసేటప్పుడు చూసుకుంటే చాలు. రాళ్ళు కట్టిన వల వేసిన చోటే ఉంటుంది. పడవ దాన్నే పట్టుకుని తెల్లారేదాకా ఉంటుంది."

ఆయన పెరుగన్నం కలుపుకుంటూ బాగుంది బాగుంది అన్నారు. నేను కూడా బాగుందనుకున్నాను. ఆయన ఎందుకడుగుతున్నారో నాకూ సూర్యకళకూ తట్టలేదు.

రెండు వారాలకు ఓ పాత దావాలో సాక్షిని క్రాసు ప్రశ్నలు అడిగే రోజు వచ్చింది. మేం మరబోటు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున. ఒక మరబోటు వెళ్ళి తెల్లవారుజామున ఓ చిన్న పడవను గుద్దింది. పడవ రెండు ముక్కలైంది, దావా వేసిన పడవ యజమానికి తోడుగా వెళ్ళిన తమ్ముడికి కాలు పోయింది. ఒడ్డుకు దగ్గరగా చిన్న పడవలకు విడిచిన మేరలో మరబోట్లు రాకూడదు. గుద్దింది ఆ మేర లోపలా, బయటా అన్నదొక్కటే తేలాలి. లోపలైతే నష్టపరిహారం వస్తుంది. బయటైతే ఆ కాలుకి కర్ర కూడా రాదు.

సాక్షి బోనెక్కిన మనిషిని చూసి సూర్యకళ చేతిలో పెన్ను ఆగిపోయింది. సింహాద్రి తాత. ఫైలు మీద ఇంటిపేరుతో సహా ఏదో పొడుగాటి పేరుంది. పేటలో అంతా సింహాద్రి తాత అనే అంటారు కాబట్టి ఆ పేరు తనకు తెలియదట. ముందే చూడాల్సింది నేను. క్రాసు ప్రశ్నలు సీనియర్ గారు చెబితే కాగితం మీద రాసింది నేను. అయినా నాకూ తట్టలేదు.

"ఆ తెల్లవారుజామున మంచు పట్టిందా?" అన్నారు సీనియర్ గారు.

"పట్టింది బాబూ. సెయ్యి సాపితే సెయ్యి కనపల్లేదు. అందుకే బోటోలకి మేం కనపల్లేదనుకుంటాను."

"పడవలో జీపీఎస్ ఉందా?"

"నేదు బాబూ. కొండనీ లైట్‌హౌసునీ వరస పట్టి పోల్చుకుంటాం."

"చెయ్యి కనపడని మంచులో కొండ కనపడిందా?"

"అది కాదు బాబూ, నాను సెప్తాను..."

"కనపడిందా, లేదా? ఒక్క మాటలో చెప్పు."

ముసలాయన జడ్జి గారి వైపు చూశాడు. "కనపల్లేదు" అన్నాడు చివరికి. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. అప్పుడాయన కళ్ళు మా బల్ల వైపు తిరిగాయి. నల్లకోటులో ఉన్న పిల్లను అప్పుడే పోల్చుకున్నాడు. మొహం చేటంత అయింది.

"అమ్మీ, నువ్వున్నావా. నువ్వు సెప్పమ్మా బాబుకి. నీకు తెల్సు గదా."

జడ్జి గారు సాక్షి కోర్టు వైపు చూసి మాట్లాడాలన్నారు. సూర్యకళ కుర్చీలోంచి సగం లేచింది. సీనియర్ గారు వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి ఆ పిల్ల ముందున్న ఫైలు మీద పెట్టారు. అది కూర్చుంది. సింహాద్రి తరఫు లాయరు దొరబాబు లేచాడు. ఆయనకు కొండ లెక్క తెలియదు. పుట్టి బుద్ధెరిగి సముద్రాన్ని బీచ్ రోడ్డు మీంచి తప్ప చూడనివాడు. మళ్ళీ అడగాల్సిందేమీ లేదని చెప్పి కూర్చున్నాడు. కొండ ఎప్పుడు చూశావు తాతా అని ఒక్క ముక్క అడిగితే సరిపోయేది. ఆ ఒక్క ముక్క తెలిసినవాళ్ళం ముగ్గురం ఆ గదిలో ఉన్నాం. ముగ్గురం ఒకే బల్ల దగ్గర ఉన్నాం.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని క్రాసులు చూడలేదు, ఎంతమంది సాక్షులు బోనులో ఏడవలేదు. కానీ టిఫిన్ డబ్బా, మజ్జిగ గ్లాసు అక్కడికొచ్చి ఒక మనిషి మెడకు చుట్టుకుంటాయని నేననుకోలేదు.

ఆఫీసుకొచ్చాక సూర్యకళ కోటు కూడా విప్పకుండా ఆయన గదిలోకి వెళ్ళింది. నేను గుమ్మంలో ఉన్నాను.

"సార్, వల సాయంత్రమే వేస్తారని మీకు చెప్పాను కదా."

"చెప్పావు. అందుకే ఆ ప్రశ్న అడగలేదు."

ఆయన కోపంగా అనలేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ, పాఠం చెప్పినట్టు చెప్పారు. "నేను అబద్ధం ఆడానా? సాక్షి చేత ఆడించానా? మిగతాది అడగాల్సింది అతని లాయరు. మనం కాపాడాల్సింది మన పార్టీని. ఈ వృత్తి ఇదేనమ్మా. నీకు సరిపడుతుందో లేదో ఇప్పుడే తేల్చుకో. లేటయితే నీకే నష్టం."

ఇందులో తప్పు పట్టుకుందామని నేను చాలా ప్రయత్నించాను. రూలు ప్రకారం వెంట్రుక వాసి తప్పు లేదు. ఆయన చెడ్డవాడూ కాదు, నా కూతురి కాలేజీ సీటుకి ఊరంతా తిరిగినవాడు. అందుకే నాకు ఎక్కువ ఒళ్ళు మండింది. చెడ్డవాడైతే తిట్టుకుని నిద్రపోదును.

మర్నాడు పోతమ్మ ఖాళీ గంపతో వచ్చింది. మెట్ల మీదే కూలబడింది. "బాబూ, మా గుంటే లాయరుకి సెప్పీసిందని పేటంతా అంతన్నారు. వలెక్కడేసినావంటే ఎక్కడేసినావని తగువొస్తే, సింహాద్రి మాటతో ఆగిపోద్ది మా ఒడ్డున. ఆ మడిసిని అబద్ధాలకోరుని సేసినాది మా ఇంటి పిల్ల." పమిటతో ముక్కు తుడుచుకుంది. "దానికి పోర్టాపీసులో ఉద్యోగానికి కాయితం వచ్చినాది. పదిహేనో తారీకుకల్లా జేరాలంట. ఎల్లమని సెప్పండి బాబూ. ఈ నల్లకోటు మాకొద్దు."

నేను చెప్పాను. నిజంగానే చెప్పాను. వెళ్ళిపో తల్లీ, నెల తిరిగేసరికి జీతం, సాయంత్రానికి ఇల్లు, ఎవరి కంటికీ కనపడక్కర్లేదు అన్నాను. అది తలూపింది. ఆ మర్నాటి నుంచి సీనియర్ గారి గదిలోకి వెళ్ళలేదు. వరండాలో నా బల్ల పక్కనే కూర్చుని, అప్పగించాల్సిన ఫైళ్ళు ఒక్కొక్కటే సర్దేది. ఆ నోరెక్కువ పిల్ల పది రోజుల్లో పది మాటలు మాట్లాడలేదు.

పద్నాలుగున తీర్పు వచ్చింది. పదిహేనున, నాలుగు గంటలప్పుడు, సింహాద్రి తాత తీర్పు కాపీ పట్టుకుని వరండాలోకి వచ్చాడు. తిట్టడానికొచ్చాడనుకున్నాను. ఆయన కాగితాలు సూర్యకళ ముందు పెట్టాడు.

"దొరబాబుగారు ఓడిపోనామన్నారమ్మా. ఏటి రాసారో సెప్పలేదు. మన పేటలో ఇంగిలీసొచ్చిందానివి నువ్వొక్కత్తివే గదా. సదువు."

సూర్యకళనే చదవమని అడగడానికి ఆయన బస్సెక్కి భీమిలి నుంచి వచ్చాడు. నేను కాగితాలు లాక్కుందామనుకున్నాను. అది నా చెయ్యి తోసేసి చదివింది. వేలు పెట్టి, ఒక్కొక్క వాక్యం తెలుగులోకి తెచ్చి చెప్పింది. కొండ సంగతి రాసిన వాక్యం దగ్గరికొచ్చేసరికి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి, దాచకుండా చెప్పేసింది. మంచులో కొండ కనపడలేదని సాక్షే ఒప్పుకున్నాడు, అందువల్ల చోటు గురించి అతను చెప్పిన మాట నమ్మదగినది కాదు.

"నమ్మకూడదని రాసారా? నా మాటా?"

"అవును తాతా."

"కొండ నాను మాపటేల సూసినాను కదమ్మా. వొల ఏసినప్పుడు. నన్నెవలైనా అడిగితే సెప్పీవోన్ని కదా. ఎందుకడగలేదేటి?" నిజంగా తెలుసుకోవాలన్నట్టు దాని కళ్ళలోకి చూసి అడిగాడు. "నువ్వక్కడే ఉన్నావు గదా."

"నాను అటేపున్నాను తాతా. అటేపు ఉన్నోలు అడక్కూడదు."

ఆయనకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది.

"అయితే మా ఏపు ఎవలూ నేరన్నమాట" అన్నాడు.

సూర్యకళ పెదవి కొరుక్కుంది. కళ్ళనీళ్ళు కాగితం మీద పడకుండా పక్కకి జరిపింది. పై కోర్టుకి అప్పీలు చేసుకోవచ్చని, దాని సంగతి దొరబాబుగారినే అడగాలని, తను ఈ కేసులో ఇంకొక్క ముక్క కూడా చెప్పకూడదని చెప్పింది. వల సాయంత్రం వేస్తారన్న సంగతి ఆ తర్వాత దొరబాబు గుమస్తా చెవిన ఎలా పడిందని మాత్రం నన్నడగకండి. గుమస్తాలకు బార్ కౌన్సిల్ లేదు.

తాత కాగితాలు మడిచి లుంగీ మడతలో దోపుకుని మెట్లు దిగాడు. గోడ గడియారం నాలుగూ ముప్పావు చూపిస్తోంది. పోర్టాఫీసులో చేరడానికి ఆ రోజే గడువు, ఐదింటికి మూస్తారు. నేను జేబులోంచి స్కూటర్ తాళం తీసి బల్ల మీద పెట్టాను.

"ఇప్పుడు బయల్దేరితే అందుతావు. మీ అమ్మకు నేను మాటిచ్చాను."

అది తాళం వైపు చూడలేదు. మెట్ల మీదుగా గేటు వైపు, బస్సు కోసం రోడ్డు దాటుతున్న ముసలాయన వైపు చూసింది. కోటు చేతుల మీది ముడతలు సాపు చేసుకుంది.

"శంకరరావుగారూ," అంది, "భీమిలి కోర్టు ఎన్నింటికి తెరుస్తారు? అక్కడ మావోల తరపున ఎవరైనా లాయరు కూర్చుంటారా?"

పదిన్నరకి అన్నాను. అక్కడ వాళ్ళ తరఫున ఎవరూ కూర్చోరని నాకు తెలుసు. బల్ల మీది తాళం తీసి మళ్ళీ జేబులో వేసుకున్నాను.