పళ్ళెంలో కలిసిన మాత్రలు

మెట్టకూరులో మా ఎదురింటి లెక్కల టీచరు గారు మొన్న మంగళవారం ఉదయం మరణించారని పాఠకులకు తెలియజేయడానికి విచారిస్తున్నాను. బుధవారం సమాధుల తోటలో మట్టి చేశాము. గురువారం ఆవిడ పేరిట ఒక ఉత్తరం వచ్చింది. పంపినది పట్నంలోని ఒక ఆసుపత్రి పరిశోధన విభాగం. ఆవిడ కోరిన సమాచారం ఇవ్వడానికి తమకు అభ్యంతరం లేదనీ, అయితే నిబంధనల ప్రకారం గుర్తింపు కార్డుతో స్వయంగా హాజరు కావలసి ఉంటుందనీ అందులో ఉంది. ఆవిడ హాజరు కాలేకపోవడానికి గల కారణాన్ని నేను మర్యాదగా రాసి పంపాను. పరిశీలిస్తారని ఆశిస్తున్నాను.

టీచరు గారు ముప్పై ఏళ్ళకు పైగా మా ప్రాంతం పిల్లలకు లెక్కలు చెప్పారు. వారిలో నేనొకణ్ణి. చేతిలో ఎర్ర కలం లేకుండా ఆవిడ ఏ కాగితమూ చదివేవారు కాదు. దినపత్రిక, కరెంటు బిల్లు, పెళ్ళి శుభలేఖ, ఏదైనా సరే మార్జిన్‌లో ప్రశ్నార్థకాలతో బయటికి వచ్చేది. "అర్థం కాకపోతే సంతకం పెట్టకు" అనేవారు. "సగం ఒప్పయిన జవాబు ఉండదు, సగం మార్కులే ఉంటాయి" అని కూడా అనేవారు. ఈ రెండో మాట వల్ల నాకు చాలాసార్లు సున్నా వచ్చింది.

షుగరు ఆవిడకు చాలా కాలంగా ఉంది. రిటైరయ్యాక అది మూత్రపిండాల దాకా వెళ్ళింది. ఆ రోజుల్లోనే పైన చెప్పిన విభాగం వారు, మూత్రపిండాలు చెడిపోవడాన్ని నెమ్మది చేయగలదేమోనని ఒక కొత్త మందును పరీక్షిస్తూ, రోగులను చేర్చుకున్నారు. మా వైపు నుంచి ఇద్దరు చేరారు. ఒకరు టీచరు గారు. రెండోవాడు ఫరంపేటలో పడవ నడిపే సరంగు. ఇతను ఐదో తరగతి వరకు ఆవిడ దగ్గరే చదివి, భిన్నాలు రాగానే చేపల వేటకు వెళ్ళిపోయాడు.

అంగీకార పత్రం ఇరవై పేజీలకు తక్కువ లేదు. టీచరు గారు మొత్తం చదివి, ఎర్ర ప్రశ్నార్థకాలు పెట్టి, వాటికి జవాబులు చెప్పించుకుని మరీ సంతకం చేశారు. పత్రాన్ని పూర్తిగా చదివిన మనిషిని తాము ఇంతవరకు చూడలేదని అక్కడి సిబ్బంది అన్నారట. ప్రశంసగా అన్నారో ఫిర్యాదుగా అన్నారో ఆవిడకు తేలలేదు. సారాంశం ఇది: చేరినవారిలో సగం మందికి అసలు మాత్ర, మిగతా సగానికి చూడటానికి అలాగే ఉండే ఉత్తి మాత్ర. ఎవరికి ఏది అన్నది రోగికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. సరంగుకు ఇదంతా ఆవిడే, ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ, వాను కిటికీ పక్కన కూర్చోబెట్టి విడమరిచి చెప్పారు. అతను శ్రద్ధగా విన్నాడు. వినడమే ఇబ్బంది అయింది.

వారం తిరక్కుండా తనకిచ్చిన మాత్రల సీసా పట్టుకుని ఆవిడ అరుగు మీదికి వచ్చాడు. సముద్రం మీద ఎవరి చేత్తో లాగిన వలలో చేప పడిందన్నది ఎవరూ చూడరు. ఒడ్డుకు చేరాక పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. అతనికి తెలిసిన న్యాయం అదొక్కటే.

"ఒకళ్ళకి మందు, ఒకళ్ళకి సున్నం ఏంటండి టీచరుగారూ? రెండూ గుమ్మరించేసి చెరిసగం ఏసుకుందారండి. ఇద్దరికీ ఎంతో కొంత ముడద్ది గదండి."

ఆవిడ కోప్పడి పంపించేశారు. తరువాత రెండు రోజులు కాగితం మీద లెక్క వేశారు. ఇద్దరివీ అసలువైతే కలిపినా నష్టం లేదు. ఇద్దరివీ ఉత్తివైతే కలిపినా లాభం లేదు. ఒకటి అసలు, ఒకటి ఉత్తి అయితే ఒకరికి అంతా, మరొకరికి ఏమీ లేదు. ఆ అన్యాయాన్ని తొలగించే పద్ధతి ఐదో తరగతి దాటనివాడు చెప్పాడు. మూడో రోజు ఇద్దరూ స్టీలు పళ్ళెంలో రెండు సీసాలూ కుమ్మరించి, బాగా కలిపి, లెక్కపెట్టి పంచుకున్నారు. వైద్యశాస్త్రం ఎన్నో జాగ్రత్తలు తీసుకుంది గానీ చేపల వాటాను ఊహించలేదు.

పరిశోధన వారు రోగులకు ఒక డైరీ ఇచ్చారు. రోజూ ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నదీ అందులో రాయాలి. టీచరు గారు ప్రతిరోజూ రాశారు: "ఉదయం ఒకటి. సగం సీసా నాది, సగం సరంగుది." మూడో నెల తనిఖీలో ఆ వాక్యాన్ని ఒక అమ్మాయి చదివింది. తరువాత డాక్టరు చదివాడు. ఆ సాయంత్రానికి ఇద్దరినీ అధ్యయనం నుంచి తొలగించారు. సీసాలు వెనక్కి తీసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో సరంగు అడిగాడట, అందులో ఎందుకు రాశారండీ అని. "అడిగారు గదరా," అన్నారట ఆవిడ.

కొంత కాలానికి అధ్యయనం ముగిసింది. మందు పనిచేస్తుందని ప్రకటించారు. ఆ మందు మా మందుల షాపుకు ఇంకా రాలేదు. ప్రకటన మాత్రం వచ్చింది. దాన్ని చదివిన రోజు నుంచి టీచరు గారికి నిద్ర లేదు. అప్పటికి ఆవిడకు వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతోంది. సరంగుకు ఇంకా ఆ అవసరం రాలేదు గానీ, కాళ్ళ వాపు మొదలైంది.

"నాది అసలుదై, వాడిది ఉత్తిదైతే నాకు చింత లేదు," అన్నారు నాతో. "వాడిది అసలుదైతే, ఒరే, వాడి మందులో సగం నేను తినేశాను. నిజం చెప్పి మిగతా సగం కూడా పోగొట్టాను."

ఉత్తరాలు నేనే రాశాను. మొదటిదానికి, మీ ఉత్తరం అందినది అని జవాబు వచ్చింది. రెండోదానికి, మీ మొదటి ఉత్తరం పరిశీలనలో ఉన్నది అని వచ్చింది. మూడోదానికి, మధ్యలో తొలగించబడినవారు పాల్గొన్నవారు అనే నిర్వచనం కిందికి వస్తారో రారో ఆసుపత్రి వారి పరిశోధనల సంఘం నిర్ణయించవలసి ఉన్నదని వచ్చింది. నిర్వచనాలంటే ఆవిడకు ఎప్పుడూ గౌరవమే. "మరి అన్ని గొట్టాల రక్తం ఎవరి దగ్గర తీసుకున్నారో అడుగు," అని మాత్రం అన్నారు. అడిగాను. ఆ ప్రశ్న మరో విభాగానికి చెందుతుందట. ఇక సరంగు సీసా సంగతి ఆవిడకు చెప్పడం అతని గోప్యతకు భంగమట. పళ్ళెంలో మాత్రలు కలుపుకున్న ఇద్దరి మధ్య గోప్యతను ఆ సంఘం చివరిదాకా కాపాడింది.

అందుచేత సరంగు తన పేరిట తానే అడగాలి. అతనికి ఇష్టం లేదు. తెలుసుకుని ఏం చెయ్యాలండీ అన్నాడు. ఆవిడ కబురు మీద కబురు పంపితే, నేను రాసిన అర్జీ కింద, అక్షరాలు ఎప్పుడో మరిచిపోయినవాడు గనుక, వేలిముద్ర వేశాడు. నెలలు గడిచాక అతని జవాబు ముందుగా వచ్చింది. ఏటిగట్టున, పడవ పక్కన నిలబడి చదివి వినిపించాను. అతనికి ఇచ్చినది అసలు మందు.

రెండోసారి చదవమన్నాడు. చదివాను. వాపెక్కిన పాదాల వైపు కాసేపు చూసుకున్నాడు. "మీరేం సెప్పకండి. నేను సెప్తాను," అన్నాడు. కాగితం నా జేబులోనే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాము. టీచరు గారు అరుగు మీది బల్ల మీద కూర్చుని ఉన్నారు.

"నాది ఉత్తిదేనంటండి టీచరుగారూ," అన్నాడు సరంగు. "కలుపుకోబట్టి మీ మందే నాకూ కాస్త దక్కిందేమోనండి."

"కాగితం ఏదీ?"

"పడవలో తడిసిపోయిందండి."

ఆవిడ నా వైపు తిరిగారు. "నువ్వు చదివావా?"

"ఆయ్, చదివానండి."

"అదే ఉందా అందులో?"

పరీక్ష హాల్లో ఆవిడ చూపు తప్పించుకున్నవాణ్ణి నేను ఎరగను. "అదేనండి," అన్నాను.

క్లాసులో జవాబు ఒప్పయినా, అది ఎలా వచ్చిందో చూపించమనేవారు. ఆ రోజు చూపించమనలేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తరువాత బల్ల మీద కొంచెం పక్కకు జరిగి, "సరే. కూర్చోరా, కాళ్ళు నొప్పెడతాయి," అన్నారు సరంగుతో.

అతను కూర్చున్నాడు. ఆవిడ ఎడమ చెయ్యి ఇద్దరి మధ్య బల్ల మీద ఆనించి ఉంది. మణికట్టు దగ్గర, డయాలసిస్ సూది కోసం నరాలు కలిపి కుట్టిన చోట, చర్మం కింద రక్తం పైకీ కిందికీ కొట్టుకుంటోంది. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాము.