ముందు చక్రాలు లేచిన మధ్యాహ్నం

మా బావ పోయాడని మంథని నుంచి మనిషి వచ్చి చెప్పాడు. బస్సు పెద్దపల్లి దాటేదాకా నాకేమీ అనిపించలేదు. ఆ తర్వాత కిటికీలోంచి నాట్లేసిన పొలాలు కనిపిస్తుంటే ఏడుపు ఆగలేదు. అక్క మొగుడని కాదు, ఆయనంటే నాకు ప్రాణం.

బావది ఏదో లోకంలో ఉండే స్వభావం. అన్నం ముందు కూర్చుంటే ముద్ద చేతిలోనే ఆరిపోయేది. "ఏ ఊరికి పోయినవ్ బావా?" అని ఆట పట్టిస్తే, "జర ఆగు బామ్మర్దీ, ఎనుకకు మలిగి వస్తున్న" అనేవాడు.

ట్రాక్టర్ కొన్న కొత్తలో మంచిర్యాలలో ఎవరో కాంట్రాక్టరు దగ్గర మట్టి తవ్వే ఇనుప చెయ్యి దొరికితే తెచ్చి వెనక బిగించాడు. ఊరంతా దాన్ని తొండం అంది. మిరుగం కార్తె వానలు పడకముందే పొలానికి కాలువ తవ్వాలని ఆయన ఆరాటం. ఆ తొండం ఆ ట్రాక్టర్ కోసం చేసింది కాదు, బరువెక్కువ. చాచినప్పుడల్లా ముందు చక్రాలు తేలిపోయేవి. మేమేమో ఎడ్లబండి మనుషులం. బండికి వెనక బరువైతే ముందు నొగల మీద ఒకరిని కూర్చోబెట్టడం మా అలవాటు. సద్ది తెచ్చిన అక్కను చూసి బావ, "జర ముంగట ఎక్కి కూసో" అన్నాడు. ఆమె నవ్వుకుంటూ ఎక్కింది. అది తప్పని మాలో ఒక్కరికీ తోచలేదు.

తవ్వేటప్పుడు ఆయన వెనక్కి తిరిగి కూర్చోవాలి. అక్క కనిపించదు. తొండం దూరంగా చాచి నిండా తడిమట్టి ఎత్తాడు. వెనక చక్రాల కింద కట్ట కుంగింది. ముందు చక్రాలు మెల్లగా నేల విడిచాయి. ఎండలో అక్క మా తలల మీదుగా పైకి పోతోంది, కొంగు గాలికి ఆడుతోంది.

"దుంకు! బండి బోర్ల పడ్తది, దుంకు!" అని ఎవరో బావను చూసి అరిచారు.

దూకితే ఆయన బయటపడేవాడు, అక్క బండితో పాటు పోయేది. దూకలేదు. తల తిప్పకుండానే "ఉన్నవా?" అన్నాడు.

"ఉన్న" అంది అక్క.

మీట కొంచెం వదిలాడు. తొండం కొంచెం దిగింది.

"ఉన్నవా?"

"ఉన్న."

అలా అడుగుతూ అడుగుతూనే చక్రాలను నేలకు తెచ్చాడు. చూస్తే ట్రాక్టర్ నడుము దగ్గర ఇనుము పగిలి ఉంది. ఆ సాయంత్రమే తొండం విప్పేశాడు. కాలువ పారలతో తవ్వుకున్నాం.

తర్వాత ఎవరైనా అలాంటిది బిగిస్తామని సలహాకు వస్తే, "బిగియ్యి. గని ముంగట ఎవర్ని కూసోబెడ్తవో గదొక్కటి నాకు చెప్పి బిగియ్యి" అనేవాడు.

ఆనాటి నుంచి ఎక్కడికి వెళ్లొచ్చినా గడప అవతలే నిలబడి "ఉన్నవా?" అని అడిగేవాడు. వంటింట్లోంచి అక్క "ఉన్న" అన్నాకే చెప్పులు విడిచేవాడు. కొత్తవాళ్లకు నవ్వొచ్చేది.

దినాలు అయిపోయిన తెల్లారి నేను బజారు నుంచి వచ్చి గడప దగ్గర చెప్పులు విడుస్తున్నాను. ఏమీ మాట్లాడలేదు. లోపల బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగింది.

"ఉన్న" అంది అక్క.